ఫర్హీన్ చీమకు నా సిఫారసు

మా కాలేజీ స్టాఫ్ రూములో ప్లగ్గులు ఆరున్నాయి. పనిచేసేది ఒకటే. అది ఫర్హీన్ మేడమ్ బల్ల పక్కన ఉంది. నా ఫోన్ పదకొండుకల్లా చచ్చిపోతుంది కాబట్టి, రోజూ అరగంట ఆమె పక్కన కూర్చోవాలి, ఆమె శుభవార్తలు వినాలి. కరీంనగర్‌లో ఇంతకంటే పెద్ద కష్టం ఎవరికైనా ఉంటే చెప్పండి.

నేను సంతోష్‌రావు, జువాలజీ, పందొమ్మిదేళ్ల సర్వీసు. ఫర్హీన్‌దీ మా డిపార్ట్‌మెంటే, నాలుగేళ్ల సర్వీసు. సొంతూరు బెల్లంపల్లి. ఆదివారం మనుషులు మటన్ తెచ్చుకుంటారు. ఆమె బస్సెక్కి ఊరికి పోయి, బొగ్గు గనుల మట్టిదిబ్బల మీద చీమలు పట్టి ఆవకాయ సీసాల్లో తెచ్చుకుంటుంది.

రెండు నెలల కింద నేను ఛార్జర్ పెడుతుంటే అడిగింది.

"సార్, లిస్బన్‌ల చీమల మీద అంతర్జాతీయ సదస్సున్నది. సీనియర్ ఒకరు ఉత్తరం రాస్తే టికెట్టు, హోటలు వాళ్లే చూసుకుంటరట. జర రాస్తరా?"

"గంత దూరమెందుకమ్మా? మొన్న మంచిర్యాలల అయింది గదా."

"గది వేరే సార్. గీ సీసల చీమకు మూడేండ్ల సంది పేరు దొరుకుతలేదు. ఫోటోలు పంపితే తెలుస్తలేదంటరు. దీన్ని చూసి చెప్పెటోళ్లు దునియల ముగ్గురే ఉన్నరు. ముగ్గురు గాడికే వస్తుండ్రు."

నేనూ పద్నాలుగు అంతర్జాతీయ సదస్సులు చూశాను. అన్నిటికంటే దూరమైనది మంచిర్యాలే. ఫంక్షన్ హాల్లో జరిగింది. నేపాల్ నుంచి ఒకాయన ఫోన్లో "నమస్తే" అన్నాడు, నెట్ పోయింది, సదస్సు అంతర్జాతీయమైపోయింది. ఎవరి పరిశోధన ఏమిటో ఎవరూ అడగలేదు. బగారా అన్నం బాగుంది.

ఇంట్లో ఈ అన్యాయం చెప్పుకుంటే నా భార్య రచన, "చీమలు పట్టేది ఆ పిల్ల. కుట్టేది మిమ్ములనా?" అంది.

ఉత్తరం రాశాను. మా వైపు సిఫారసంటే "అత్యాధునిక ప్రయోగశాలలో" అని మొదలవ్వాలి, ప్రయోగశాలలో బర్రెను కట్టేసి ఉన్నా సరే. నేను ఉన్నదున్నట్టు రాశాను: ఈమెకు ప్రయోగశాల లేదు, వాడేది ఆవకాయ సీసాలు, తిరిగేది బస్సులో, సొంత ఖర్చుతో. పరువున్నవాళ్లెవరూ ఇది చదివి పిలవరు. అయినా అనుమానం తీరక చివర్న రెండు వాక్యాలు కలిపాను: "ఈమెకు పెద్దల ముందు మాట రాదు. అనుభవజ్ఞుడు కావాలంటే నా పాస్‌పోర్టు సిద్ధంగా ఉంది, నాకు ఏ తిండైనా పడుతుంది."

మొన్న సోమవారం జవాబొచ్చింది. టికెట్టు, హోటలుతో పాటు మొదటి రోజు అందరి ముందూ ప్రసంగం కూడా ఆమెదే. ఏ వసతీ లేకుండా పనిచేసేవాళ్ల కోసమే ఆ నిధి పెట్టారట. నా ముగింపులోని హాస్యం వాళ్లకు ఎంతో నచ్చిందట.

ఫర్హీన్ తన ఛార్జర్ పీకేసి నాది పెట్టింది. "మీ ఉత్తరంతోనే అయింది సార్. చీమ కొత్తదని తేలితే, దానికి మీ పేరే పెడత."

అంతలో ప్రిన్సిపాల్ లింగారావు గారు పిలిచారు. మా కాలేజీలో ఇంగ్లిష్‌లో ఉన్న ఏ కాగితాన్నైనా లామినేషన్ చేస్తారు, కరెంటు బిల్లుతో సహా.

"సంతోష్‌రావ్, శనివారం నీకు శాలువా. నీ ఉత్తరం వాళ్లు మెయిల్ల పంపిండ్రు. లామినేషన్ చేపిచ్చిన. ఫర్హీన్ స్టేజీ మీద తెలుగుల చదివి నీకిస్తది. ఫ్రేము కట్టిచ్చి శుక్రవారం తే."

"మీరు చదివిండ్రా సార్?"

"టైమేడిదయ్యా? ఇంగ్లిష్‌ల ఉన్నది, మంచిగనే ఉంటది."

చివరి రెండు వాక్యాలు కప్పేద్దామంటే లామినేషన్ మీద తెల్ల ఇంకు నిలవదు. గీకి చూశాను, గోరు విరిగింది. ఫ్రేముల అతీక్ దగ్గరికి వెళ్లి, కింది అంచు మూడు వేళ్ల వెడల్పు పెట్టమన్నాను.

"పెడత సాబ్. మరి మీ సంతకం గూడ లోపలికి పోతది."

సంతకం లేకపోతే ఉత్తరం నాదని ఎవరు నమ్ముతారు? శాలువా ఎవరికి కప్పుతారు? ఉంచితే ఫర్హీన్ ఆ రెండు వాక్యాలూ నాలుగొందల మంది ముందు చదువుతుంది, తర్వాత చీమకు వేరే పేరు వెతుక్కుంటుంది.

ఈ రోజు గురువారం. అయ్యా, అమ్మా, సంతకం ఉండి వాక్యాలు పోయే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పండి. ముందే ఆమెకు నిజం చెప్పెయ్యమంటారా? సరే, చెప్తాను. కానీ చీమ నా పేరునే ఉండేలా ఎలా చెప్పాలో, దండం పెడతాను, అది మీరే చెప్పండి.