సృజన గుండె మీది బరువు

భద్రయ్య రోజూ ఎర్రచొక్కా తొడుక్కుని చిలకలగూడ నుంచి నడిచి, మొదటి రైలు వేళకు సికింద్రాబాద్ స్టేషన్ చేరుకుంటాడు. పెట్టెలు, మూటలు మోస్తాడు. అడిగితే దిగులు కూడా మోస్తాడు. తలమీద తువ్వాలు చుట్ట పెట్టుకుని, ఎత్తుకుపోయి ప్లాట్‌ఫాం చివర దించేస్తాడు.

ఈ వారం పనికి పోలేదు. కూతురు సృజనకు జ్వరం వచ్చి గుండె వాచింది. ఆస్పత్రిలో మెషీన్ ఆమె రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ కలిపి, మళ్లీ ఒంట్లోకి నెడుతోంది.

"మెషీన్ ఉన్నంక గుండెకు ఆరామే గద సారూ?"

"సగమే," అన్నాడు డాక్టర్ హరికిషన్. "మెషీన్ నెట్టే రక్తం గుండెకు ఎదురొస్తోంది. దాన్ని తోసి తన కవాటం తలుపు తెరిచే బలం గుండెకు లేదు. లోపల రక్తం నిలిచి ఉబ్బుతోంది. ఆ బరువు దించాలి, లేదంటే గుండెలోకి ఇంకో గొట్టం వేయాలి."

"బరువేనా? గట్ల జెప్పుండ్రి." భద్రయ్య తువ్వాలు చుట్టాడు.

నర్సు బ్యూలా అతని చేతులు కడిగించి, గౌను తొడిగి లోపలికి పంపింది. రెండు ట్రిప్పులు వేయడం భద్రయ్యకు నామోషీ. సృజన గుండె మీద ఉన్నదంతా ఒక్కసారే ఎత్తేశాడు. బీపీ ధబేలున పడిపోయింది.

"అంకుల్! మొత్తం లేపితే ఎట్ల? తలకు రక్తం పోవద్దా? సగం పెట్టుండ్రి!" అని అరిచింది బ్యూలా.

సిగ్గుపడి సగం పెట్టేశాడు. మిగతా సగంతో మూడు రోజులు మంచం పక్కనే నిలబడ్డాడు. భోజనం వేళకు తోటి కూలీ జీవరాజు వచ్చి ఆ బరువును తన తలకెత్తుకునేవాడు.

"బిడ్డ జూస్తె గింతుంటది. ఏందన్నా గీ బరువు!"

నాలుగో రోజు స్కానింగ్‌లో గుండె తలుపు ప్రతి దెబ్బకూ తెరుచుకుంటూ కనిపించింది. సృజన నోట్లోని శ్వాస గొట్టం తీసేశారు.

"ఇక కొంచెం కొంచెంగా తిరిగి ఇచ్చెయ్యి," అన్నాడు డాక్టర్. "గుండె మోయగలిగితేనే మెషీన్ తీస్తాం."

ఎత్తిన బరువును మళ్లీ ఇచ్చినవాళ్ల నెత్తినే పెట్టడం భద్రయ్య ఎన్నడూ ఎరగడు. ఒక పిడికెడు పెట్టాడు. మానిటర్ చూశాడు. ఇంకో పిడికెడు.

"అయిపోయింది సారూ," అంటూ వెనక్కి జరిగాడు.

సృజన కళ్లు తెరిచింది. "నాయినా, తువ్వాల ఇప్పు."

"ఏం లేదు బిడ్డా."

"ఇప్పు అంటున్న గద."

విప్పాడు. మడతలో నిమ్మకాయంత బరువు మిగిలుంది.

"గింత నా దగ్గరుంటె ఏమైతది?"

"మెషీన్ తియ్యరు. ఇటియ్యి."

ఇచ్చాడు. ఆమె గుండె ఒక్క దెబ్బ తడబడి, మరుసటి దెబ్బకు నడక అందుకుంది.

"తీసేద్దాం," అన్నాడు డాక్టర్.