పైపులో కుక్కిన దూది

"ఆ పెట్టె పేలదు కదా, అన్నయ్యా?"

అప్పటికింకా చెక్క కూడా కోయలేదు. మా అన్నయ్య వడ్రంగి. చెవి మీది పెన్సిలు తీస్తూ నన్ను ఎగాదిగా చూశాడు.

"పేలడానికి ఇదేమన్నా కుక్కరా? పాటలు వినే స్పీకరు పెట్టె. నువ్వలా కూర్చో చెల్లీ."

పక్కనే చెక్క మీద కొలతలు గీస్తున్న మా అమ్మాయి నవ్వలేదు. తను నాతో మాట్లాడటం మానేసి నెల దాటింది. ఆంప్లిఫయర్లు బాగుచేసే షాపులో పనికి చేరితే, ఎక్కడ షాక్ కొట్టి పోతుందోనని తనకి తెలియకుండా వెళ్లి, పనిలోంచి తీసేయమని ఓనరుని బతిమాలాను. ఆయన తీసేశాడు. అప్పటినుంచి నాకేం చెప్పాలన్నా మా అన్నయ్యతోనే. "నేనేమన్నా టెలిఫోను తీగనా?" అని ఆయన విసుగు.

ఇప్పుడు ఇంకో షాపాయన, నువ్వే చేసిన పెట్టె ఒకటి చూపించు, నచ్చితే పనిస్తానన్నాడట. రేపే చూపించాలి.

పెట్టె మందపాటి ప్లైవుడ్డుతో లేచింది. ముందు పలకకి స్పీకరు కోసం పెద్ద రంధ్రం, దాని కింద ప్లాస్టిక్ పైపు. "గాలి ఈ పైపులోంచే ఆడాలి మామయ్యా, సందుల్లోంచి పోకూడదు" అంటూ అతుకులన్నిటికీ జిగురు పట్టించింది. లోపలి గోడలకి దూది పరవకపోతే శబ్దం వాటికి తగిలి గోలగా వస్తుందట. నాకు అర్థమైంది తక్కువే. తన గొంతు వినడం కోసమే గుమ్మం పక్కన నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ దూది కొనడానికి వెళ్లారు. వచ్చేసరికి పని అయిపోయి ఉంటే ఒక్క మాటైనా అంటుందేమోనని నా ఆశ. నా దిండు విప్పి, పెద్ద రంధ్రంలోంచి చెయ్యి పెట్టి గోడలన్నిటికీ దూది అంటించాను. తర్వాత ఆ పైపు కనిపించింది. ఎలుక దూరితే? వైరు కొరికితే, ఆ వైరు మా పిల్ల ముట్టుకుంటే? వేలు అందినంత లోపలికి దూది గట్టిగా కుక్కేశాను.

అమ్మాయి వచ్చి గోడల దూది చూసింది. వాళ్ల మామయ్య వైపు తిరిగితే ఆయన, "నన్నడక్కు" అన్నాడు. స్పీకరు బిగించి పాట పెట్టింది. పడిశం పట్టిన గొంతులా వచ్చింది. మరలు విప్పింది, అతుకులు తడిమింది, మళ్లీ బిగించింది. అలా మూడుసార్లు.

"కొలతలు తప్పాను మామయ్యా. ఇంక నాకెవరిస్తారు పని?" పైపు ముందు అరచెయ్యి పెట్టింది. "గాలే రావట్లేదు."

చెప్తే, మళ్లీ కావాలనే చేశాననుకుంటుంది. చెప్పకపోతే, తనకే పని చేతకాదనుకుంటుంది.

"పైపులో దూది పెట్టింది నేనే. ఎలుకలు దూరతాయని. నీ పని చెడగొట్టాలని కాదమ్మా, ఒట్టు."

అన్నయ్య సుత్తి కింద పెట్టేశాడు. అమ్మాయి పైపులో రెండు వేళ్లు దూర్చి దూది లాగసాగింది. అది ఎంతకీ అయిపోదే. అంతా తీసి, పక్కన కుప్ప పెట్టి, మళ్లీ పాట పెట్టింది. నా పాదాల కింద నేల సన్నగా వణికింది. పాట అయిపోయేదాకా తను మిగిలిన మరలు ఏరుకుంటూనే ఉంది.

"గోడలకి బాగానే పరిచావమ్మా," అంది చివరికి. "పైపు జోలికి మాత్రం వెళ్లకు."