కుట్లు అల్లికల అరలో పుస్తకం

పెళ్లయిన కొత్తలో మనిషికి ఏది చూసినా నవ్వొస్తుంది. ఈ కోడలికి మరీ ఎక్కువ. గుమ్మంలో తన చెప్పుల పక్కన ఆయన చెప్పులు కనబడితే నవ్వు. తీగ మీద ఆరేసిన తన చున్నీ గాలికెగిరి ఆయన చొక్కా భుజం మీద పడితే నవ్వు. టూత్‌బ్రష్షులు రెండూ ఒకే గ్లాసులో ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నా నవ్వే. "లైబ్రరీలో నీకు ఉద్యోగం ఎవరిచ్చారు తల్లీ, అక్కడ నవ్వకూడదుగా?" అని భర్త ఏడిపించేవాడు.

ఇంత సంతోషంలోనూ ఒక చిన్న ముల్లు ఉండేది. అత్తగారు పలకదు.

తిట్టడం, సాధించడం లాంటివి ఆవిడకి తెలియవు. వంటకి వంక పెట్టి ఎరగదు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధిలో సగం మందికి బట్టలు కుట్టే మనిషి. చేతినిండా పని, మొహం నిండా నవ్వు. అయినా కోడలు వెనకనుంచి "అత్తయ్యా" అని పిలిస్తే ఒక్కోసారి తిరిగైనా చూడదు. ఒకరోజు లైబ్రరీలో జరిగిన తమాషా ఒకటి కూరలు తరుగుతూ పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చింది కోడలు. అత్తగారు అటు తిరిగి గిన్నెలు సర్దుతూ సర్దుతూ, కథ మంచి పట్టులో ఉండగా గదిలోంచి వెళ్లిపోయింది. కోడలి చేతిలో కత్తి వంకాయ మీద అలాగే ఆగిపోయింది.

"మీ అమ్మకి నేను నచ్చలేదు," అంది ఆ సాయంత్రం మేడమీద భర్తతో.

"అమ్మకా? పోదూ! నిన్ను చూసొచ్చిన రోజు దారంతా నీ గురించే చెప్పింది."

"అప్పుడు చెప్పింది సరే. ఇప్పుడు పలకట్లేదు కదా."

"ఈ మధ్య కాస్త నెమ్మదించిందిలే. మిషను ముందు కూర్చుంటే ఆవిడకి లోకం తెలీదు. అయినా నీ జాతకం అలా ఉంది. ఇంట్లో అత్త, ఆఫీసులో నత్త. ఇద్దరూ పలకరు."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. కానీ మెట్లు దిగేటప్పటికి ముల్లు మళ్లీ గుచ్చుకుంది.

నత్త అంటే లైబ్రరీకి కొత్తగా వచ్చిన యంత్రం. నడుమెత్తున ఉండే తెల్లటి పెట్టె. కింద చక్రాలు, పైన కొమ్ముల్లా రెండు కడ్డీలు. లైబ్రరీలో ప్రతి పుస్తకానికీ అట్ట లోపల వేలిగోరంత చిప్పు అతికించారు. నత్త అరల మధ్య మెల్లగా పాకుతూ, ఏ పుస్తకాన్నీ ముట్టుకోకుండానే ఆ చిప్పులన్నిటినీ పోల్చుకుని, ఏది తన చోట లేదో, ఎక్కడికెళ్లి కూర్చుందో పై అంతస్తులోని స్క్రీనుకి చెబుతుంది. ఆ స్క్రీను ముందు కూర్చునేది మన కోడలే. పొద్దుటిపూట ఆమె కిందికి దిగే పనే ఉండదు.

కొత్త వస్తువంటే ఆమెకి ప్రాణం. సభ్యులకి చిప్పున్న కార్డులు ఇవ్వడం మొదలుపెట్టగానే అత్తింట్లో అందరికీ తనే పట్టుకెళ్లి పంచింది. కుటుంబ కార్డు ఏర్పాటు అయితే పూర్తిగా ఆమె ఆలోచనే. ఇంట్లో ఒకరు పుస్తకం తీసుకుంటే, ఫలానా పుస్తకం ఫలానావారు తీసుకున్నారని మిగతావాళ్ల ఫోన్లు టింగుమంటాయి. "ఒకరు చదివింది చూసి ఇంకొకరికి చదవాలనిపిస్తుంది, ఎంత బాగుంటుందో!" అని పెద్దమేడాన్ని ఒప్పించింది. పెద్దమేడం అంటే లైబ్రరీ మొత్తానికి అధికారి. అరలో ఒక్క పుస్తకం పక్కకి ఒరిగినా ఆవిడకి అన్నం సహించదు.

నత్త తిరగడం మొదలెట్టాక ఒక వింత బయటపడింది. ఆరోగ్యం అరలో ఉండాల్సిన పుస్తకం ఒకటి కుట్లు అల్లికల అరలో, లావుపాటి పుస్తకాల వెనక నక్కి దొరికేది. కోడలు తీసుకెళ్లి దాని చోట పెట్టేది. మర్నాడు మళ్లీ కుట్ల అరలోనే. ఆమె ఇటు పెట్టడం, ఎవరో అటు పెట్టడం. చివరికి సంగతి పెద్దమేడం దాకా వెళ్లింది.

"ఏం దాగుడుమూతలమ్మా ఇవి?" అంది ఆవిడ, పుస్తకం చోటు తప్పిందని స్క్రీను మీద చూపే ఎర్రచుక్కని చూస్తూ. "ఇంకెవరూ పట్టుకుపోకుండా దాచుకుంటున్నారన్నమాట. శుభ్రంగా ఇంటికే తీసుకెళ్లొచ్చుగా, మనం వద్దన్నామా?"

యంత్రాన్ని అమర్చడానికి వచ్చిన ఇంజనీరు ఆ గదిలోనే ఉన్నాడు. "ఎవరో కనుక్కోవడం ఎంతసేపు మేడం! కార్డు సంచీలో ఉన్నా చాలు, మనిషి అర ముందు నిలబడితే అరకి తెలిసిపోతుంది. ఇదిగో, ఇక్కడ నొక్కండి. పేరొస్తుంది."

"కార్డు బయటికి తీయకపోయినా తెలుస్తుందా?" కోడలు అడిగింది.

"తీయక్కర్లేదు. గొప్పంతా అదే కదండీ!"

"మరి కార్డులిచ్చేటప్పుడు మనం ఆ మాట ఎవరికీ చెప్పలేదుగా?"

"ఎవరూ అడగలేదుగా మేడం."

పెద్దమేడం వేలు చాచింది. కోడలికి ఎందుకో మనసొప్పలేదు. స్క్రీనుకి అడ్డంగా చెయ్యి పెట్టింది. "మేడం, ప్లీజ్. ఒక్కరోజు ఆగండి. నేను చూసుకుంటా."

"ఎందుకంత జాలి? మీ చుట్టాలా ఏంటి?" పెద్దమేడం వేలు వెనక్కి తీసుకుంది. "సరే, రేపు మధ్యాహ్నం దాకా. అప్పటికీ ఇది సర్దుకోకపోతే పేరు చూస్తాను. పుస్తకాలు దాచొద్దని ఇంటికి కబురు కూడా పంపిస్తాను."

ఇంటికి కబురంటే ఇంట్లో అందరి ఫోన్లూ టింగుమనడం.

కోడలు కిందికెళ్లి, కుట్ల అర ముందు మోకాళ్ల మీద కూర్చుని, వెనక నుంచి పుస్తకాన్ని బయటికి లాగింది. ఇన్నిసార్లు దాన్ని మోసింది గానీ వీపు మీది నంబరు తప్ప లోపలేముందో చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు తెరిచింది. వినికిడి తగ్గుతున్నవాళ్ల కోసం రాసిన పుస్తకం. పేజీ నిండా నోళ్లు: సున్నాలా చుట్టిన నోరు, సాగదీసిన నోరు, మూసిన పెదవులు. ఎదుటివాళ్ల పెదవుల కదలికను బట్టి మాట పోల్చుకోవడం ఎలాగో బొమ్మలతో చెప్పారు.

బొమ్మల కింద ఇలా ఉంది: "వెనకనుంచి పిలిస్తే మీకు తెలియదు. పలకలేదని ఎదుటివాళ్లు నొచ్చుకుంటారు. వెలుతురు వాళ్ల మొహం మీద పడేలా మీరు కూర్చోండి. నలుగురూ నవ్వాక నవ్వడం మీకు అలవాటైపోతుంది. దానివల్ల అలసట కూడా ఉంటుంది."

ఆమెకి ఇల్లు కళ్లముందు కదిలింది.

భోజనాల బల్ల దగ్గర ఎప్పుడూ కూర్చునే కుర్చీ వదిలేసి, కిటికీకి వీపు పెట్టి కూర్చుంటున్న అత్తగారు. పట్టపగలు లైటు వేసి "కళ్లు మసకేస్తున్నాయే" అనే అత్తగారు. కొడుకు జోకేస్తే, కోడలు నవ్విన తర్వాత, కోడలి మొహం చూసి నవ్వే అత్తగారు.

పేజీల మధ్య గుర్తుగా ఆకుపచ్చ దారపు పోగు ఒకటి ఉంది. అదే రంగు దారం నాలుగురోజులుగా ముందుగదిలో మిషను చుట్టూ రాలుతోంది. ఎవరింటికో ఆకుపచ్చ తెరలు కుడుతోంది అత్తగారు.

పొద్దుటిపూట తను పై అంతస్తులో ఉండే వేళ చూసి, ఆవిడ ఇక్కడికొచ్చి చదువుకుని వెళ్తోందన్నమాట. పుస్తకం ఇంటికి ఎందుకు రాలేదో కూడా అర్థమైంది. తీసుకుంటే కొడుకు ఫోనూ కోడలి ఫోనూ టింగుమంటాయి. ఎంతో మురిసిపోతూ ఆ దారి మూసింది తనే.

కోడలు కళ్లు తుడుచుకుని, పోగు ఉన్న పేజీ చెదరకుండా పుస్తకాన్ని మూసి, మళ్లీ ఆ లావుపాటి పుస్తకాల వెనకే పెట్టేసింది.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి మిషను టకటకా ఆడుతోంది. ఎప్పటిలా గుమ్మంలోంచి కేక వెయ్యలేదు. మిషను చుట్టూ తిరిగి, కిటికీ వెలుతురు తన మొహం మీద పడేలా అత్తగారికి ఎదురుగా నిలబడింది. "అత్తయ్యా, టీ పెట్టనా?"

అత్తగారు తల ఎత్తిన క్షణంలోనే జవాబొచ్చింది. "పెట్టు. నాదాంట్లో పంచదార తగ్గించు, నిన్న పానకం చేశావ్."

పానకమని తిట్టించుకున్నందుకు ఇంత సంతోషపడ్డ కోడలు ఇంకెక్కడా ఉండదు. స్టవ్వు ముందు నిలబడి ముక్కు చీదుకుంటూ నవ్వుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పెద్దమేడం చెప్పినట్టే వచ్చింది. స్క్రీను మీద ఎర్రచుక్క ఒక్కటీ లేదు. "అమ్మయ్య, దాని చోటికి వెళ్లిందన్నమాట."

"లేదు మేడం. కుట్ల అరలోనే ఉంది. దాని చోటు అదేనని నత్తకి నేనే చెప్పాను."

పెద్దమేడం నోరెళ్లబెట్టింది. "ఆరోగ్యం పుస్తకం కుట్ల అరలోనా? రేపు వంటల పుస్తకాన్ని లెక్కల అరలో కూర్చోబెడతావా?"

"కావాలని అడిగినవాళ్లకి నత్త వెంటనే వెతికి చూపిస్తుంది కదా మేడం. ఇదివరకు అర తప్పితే పుస్తకం పోయినట్టే. ఇప్పుడు ఎక్కడున్నా దొరుకుతుంది. దీన్ని చదువుకునే మనిషికి ఆరోగ్యం అర ముందు నిలబడడం ఇష్టం లేదు. కుట్ల అర ముందైతే ఎవరూ ఏమీ అనుకోరు. ఉండనిద్దాం." ఒక్క గుక్కలో చెప్పేసి, ఊపిరి తీసుకుని, అసలు మాట అడిగింది. "ఇంకోటి మేడం. అరల ముందు ఎవరు నిలబడ్డారో ఆ పేర్లన్నీ తీసేద్దాం. కుటుంబ కార్డు టింగులు కూడా, కావాలన్నవాళ్లకే. అది నా తప్పు. నాకు తోచలేదు."

"తీసేస్తే పాతవి మళ్లీ రావు మరి," అన్నాడు ఇంజనీరు గాభరాగా. "ఇంత ఖరీదైన ఏర్పాటు..."

పెద్దమేడం అతని మాట వినడం లేదు. లేచి, కిందికెళ్లి, ఆ పుస్తకాన్ని చూసి, ఉన్నచోటే పెట్టి తిరిగొచ్చింది. కాసేపు కళ్లజోడు తుడుచుకుంది.

"ఈ ఉద్యోగంలో చేరకముందు నేనూ ఇక్కడ నిలబడి ఒక పుస్తకం చదివాను," అంది. "ఇంటికి పట్టుకెళ్లే పుస్తకం కాదులే అది. మొగుడి కంట పడకూడదు. ఒక్కో పేజీ చదవడం, తలుపు వైపు చూడడం. అప్పుడు ఈ అరలు నా పేరు అడగలేదు." ఇంజనీరు వైపు తిరిగింది. "తీసేయండి బాబూ. అన్నీ."

అతను వెళ్లాక కోడలి వైపు ఓరగా చూసింది. "ఇంతకీ ఆ మనిషెవరో నీకు తెలుసు కదూ?"

"నాకెలా తెలుస్తుంది మేడం?" అంది కోడలు, చెవులు ఎర్రగా కందిపోగా.

"మంచిది. నాకూ తెలీదు."

ఆ తర్వాత వచ్చిన సెలవురోజున భర్త బజారుకి వెళ్లాడు. అత్తగారు మిషను ఆపి, ఎదురుగా స్టూలు లాగి, కిటికీ రెక్కలు బార్లా తెరిచింది. "ఇట్రా అమ్మాయీ. ఇక్కడ కూర్చో, వెలుతుర్లో."

కోడలు కూర్చుంది.

"ఈ మధ్య చుట్టూ తిరిగొచ్చి నా ముందు నిలబడి మాట్లాడుతున్నావేంటే?"

"మీ మొహం చూడకపోతే నాకు మాట రావట్లేదు అత్తయ్యా."

"కోతలు కొయ్యకు. ఆ పుస్తకం కూడా ఇప్పుడు నేను పెట్టిన చోటే ఉంటోంది. మీ నత్త నా పేరు చెప్పిందా?"

"లేదత్తయ్యా, ఒట్టు. ఇంక ఎవరి పేరూ అది చెప్పదు." కోడలు కింద రాలిన దారపు ముక్క ఒకటి తీసి చూపించింది. "దీన్ని చూసి నేనే అనుకున్నా."

అత్తగారు ఆ ముక్కని తీసుకుని వేలికి చుట్టుకుంది.

"ఎడమ చెవి ఎప్పుడో పోయింది. ఇప్పుడు కుడిదీ పోతోంది. కొత్త కోడలు పుట్టింటికి ఫోన్ చేసి చెప్పే మొదటి మాట, మా అత్తకి చెవుడు అని కాకూడదనుకున్నా. పైగా నా సంగతి నాకు తెలుసు కదా. ముందు అందరూ అరిచి మాట్లాడతారు. తర్వాత అరవడం విసుగెత్తి, అసలు మాట్లాడడమే మానేస్తారు. మా అమ్మతో మేం చేసింది అదే."

"నేను మానను," అంది కోడలు. పెదవులు స్పష్టంగా కదిలాయి. "మీకు దొరికింది వాగుడుకాయ. మీరు వద్దన్నా మానను."

అత్తగారు నవ్వింది. ఈసారి ఎవరి నవ్వు కోసమూ ఎదురుచూడలేదు. "నీ నోరు నాకు బాగా అందుతుందే పిల్లా. ప్రతి మాటకీ మొహమంతా కదుపుతావ్. ఆ పుస్తకంలో బొమ్మలు కూడా అంత బాగా లేవు."

కోడలు సిగ్గుతో మొహం చేతుల్లో దాచుకోబోయి, గుర్తొచ్చి, చేతులు దించేసింది. "డాక్టరు దగ్గరికి వెళ్దామా అత్తయ్యా?"

"నువ్వొస్తే వెళ్దాం. కానీ ముందు నీ మొగుడి సంగతి చూడు."

"ఆయనకి నన్ను చెప్పమంటారా?"

"చెవి సంగతి నేను చెప్పుకుంటా. ఆ మీసం సంగతి నువ్వు చెప్పు. పెళ్లికని పెంచి పై పెదవంతా పొదలో దాచేశాడు. అప్పట్నుంచీ నా కొడుకు ఏం మాట్లాడుతున్నాడో నాకు ఒక్క ముక్క తెలీదు."

కోడలికి ఆ మీసమంటే చెప్పుకోలేనంత ఇష్టం. ఒక్క క్షణం ఊగిసలాడింది. మరుక్షణం ఇద్దరికీ ఒకేసారి నవ్వు ముంచుకొచ్చింది, ఆపుదామన్నా ఆగలేదు. అత్తగారు మిషను మీద తల వాల్చేసింది.

సరిగ్గా అప్పుడే భర్త సంచీలతో గుమ్మంలోకొచ్చి ఏదో అడిగాడు. అత్తగారు అతని మీసం వంక చూసి, కోడలి వైపు తిరిగింది. "ఏమంటున్నాడే?"

కోడలు కిటికీ వెలుతుర్లోకి ఇంకాస్త జరిగి, మెల్లగా, నోరంతా తెరిచి చెప్పింది. "ఎందుకు నవ్వుతున్నామని అడుగుతున్నారు అత్తయ్యా."

అతను సంచీలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తల్లిని చూశాడు, భార్యని చూశాడు.

అత్తగారు లేచి, ఇంకో స్టూలు తెచ్చి, కిటికీకి ఎదురుగా వేసింది.

"కూర్చోరా," అంది. "చెప్తాను."