మెడలో మైకు

హన్మవ్వ వరండా ఊడుస్తోందన్నమాటే గాని చూపంతా గేటు మీదే. ఎల్లారెడ్డి బడికి ఆయాగా వచ్చినప్పటినుంచీ ఆమె పొద్దు ఇలాగే మొదలవుతుంది. ఐదో తరగతి సుష్మిత వచ్చింది. రెండు చెవుల వెనకా గులాబీ రంగు వినికిడి మిషన్లు. ఇదివరకైతే నేరుగా వచ్చి హన్మవ్వ ఎదుట నిలబడేది. ఇవాళ వెనకనుంచి తన తరగతి పిల్ల సింధూజ పిలిస్తే గిరుక్కున తిరిగి అటు పరుగెత్తింది.

"పో పో. ఇనవడ్తుంది గదా ఇప్పుడు, నాతోని నీకేం పని," అంటూ హన్మవ్వ చెత్తను విసురుగా అవతలికి తోసింది.

సుష్మితకు పుట్టుకతోనే వినికిడి తక్కువ. ఒకటో తరగతిలో చేరినప్పుడు సారు చెప్పేది ఒక్క ముక్కా అందక గోడవైపు తిరిగి కూర్చునేది. అది చూడలేక ఒకనాడు హన్మవ్వ వెళ్లి పక్కన కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ వద్దనలేదు. సారు అన్న మాటను తన పెదవుల మీద నిదానంగా మళ్లీ పలికేది. ఆవు అంటే నెత్తి మీద రెండు వేళ్లు, వాన అంటే పది వేళ్లూ. తప్పో ఒప్పో, ఐదో తరగతి దాకా ఆ పిల్ల చదువంతా హన్మవ్వ ముఖం చూస్తూనే సాగింది.

ఆ ముఖం ఏమంత చూడదగ్గదని కాదు. ఎండకు కమిలిన నలుపు, ముందు పన్ను ఒకటి లేదు, గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు. పెద్దకొడప్‌గల్ నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె ఏం చెప్పినా అత్త చేటలో రాళ్లేరుతూనే వినేది. మొగుడు బీడీ పొగలోకి చూస్తూ వినేవాడు, అట్లాగే పోయాడు. కొడుకు భిక్నూర్ దగ్గర ధాబాలో వంట చేస్తాడు. ఫోను చేస్తే "జల్ది చెప్పవే అవ్వా, గిరాకీ ఉంది" అంటాడు. ఆమె నోరు విప్పితే రెప్ప వాల్చకుండా చూసిన మనిషి లోకంలో ఈ పిల్ల ఒక్కతే.

దసరా సెలవులయ్యాక కామారెడ్డి నుంచి ప్రణీత మేడం వచ్చింది, ఇలాంటి పిల్లలకని వేసిన టీచరు. మిషన్లు తెచ్చింది ఆమే. పాఠం చెప్పేవాళ్లు చిన్న మైకు మెడలో వేసుకుంటే చాలు, ఏ మూలనుంచి మాట్లాడినా, గోడ అవతలినుంచైనా, మాట నేరుగా పిల్ల చెవుల్లో పడుతుంది. మేడం ఓపికగా పక్కన కూర్చుని వినడం నేర్పింది. పిల్ల మొట్టమొదట తేటగా పిలిచిన పిలుపు "టీచర్". అందరూ చప్పట్లు కొట్టారు. హన్మవ్వ కూడా కొట్టింది, కడుపు మండుతుంటే కొట్టింది. తనను ఆ పిల్ల ఏనాడూ పిలిచి ఎరగదు. ఎప్పుడూ ఎదురుగానే ఉన్న మనిషిని పిలవాల్సిన పనేముంది?

ఇవాళ మేడం చెప్పిన సైన్సు పాఠంలోనూ హన్మవ్వ పెదవులు కదుపుతూనే ఉంది. పిల్ల ఇటు తిరగలేదు. బోర్డు చూస్తోంది, రాసుకుంటోంది. ఆమె చేయి అడ్డొస్తే మెల్లగా పక్కకు జరిపింది కూడా! హన్మవ్వకు ఒళ్లంతా భగ్గుమంది. మేడం నవ్వితే మంట, మేడం చీర చూస్తే మంట, ఆ చెవుల వెనక గులాబీ రంగు చూస్తే మరీ మంట.

మధ్యాహ్నం గంట కొట్టగానే మేడం మైకు తీసి ఇచ్చింది. "అవ్వా, గిది జర చార్జింగుల పెట్టు. చేతులు కడుక్కొని వస్త." ఆపడం మరచిపోయింది. హన్మవ్వ చేతుల నిండా పళ్లాలున్నాయి. మెడలో తగిలించుకుని వంటషెడ్డుకు నడిచింది. నాలుగడుగులు వేసేసరికి మెడలో ఉన్న సంగతే మరచింది.

"ఏందే హన్మవ్వా, మొఖం గట్ల మాడ్చుకున్నవ్?" అంది పప్పుచారు కలుపుతున్న భూమక్క.

అడగడమే ఆలస్యం. "ఏం జెప్పనే! గా పిల్లకు ఇప్పుడు నేనెవరినే? నా మొఖం సూడంది బువ్వ ముట్టకపోతుండె. ఇప్పుడు నా చెయ్యి అడ్డమొస్తుందట! గామె కామారెడ్డికెల్లి బస్సు దిగి వస్తది, నా పిల్లను గుంజుకుంటది. గా మిషిన్లు నీళ్లల్ల వడి చెడిపోయినా మంచిగుంటది. మళ్ల నా దగ్గరికే వస్తది."

భూమక్క గరిటె ఆపి, హన్మవ్వ భుజం మీదుగా గడప వైపు చూస్తోంది.

గడపలో సుష్మిత. చెవులు బోసిగా ఉన్నాయి. నేరుగా గిన్నెలు కడిగే బకెట్టు దగ్గరికి వెళ్లి, పిడికిలి నీళ్ల మీద పట్టుకుంది. అందులో రెండు మిషన్లు. హన్మవ్వ ముఖంలోకి, మునుపటిలాగే, రెప్ప వాల్చకుండా చూసింది. వేయనా అని అడుగుతోంది.

అప్పుడు కనిపించింది హన్మవ్వకు, తన రొమ్ము మీద పచ్చగా వెలుగుతున్న మైకు.

నిజం చెప్పాలంటే ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆ కళ్లు మళ్లీ తన మీదే ఉన్నాయి. ఆ పిడికిలి విప్పితే చాలు, రేపటినుంచి అవి తనవే. ఛీ, ఎంత పాడు బుద్ధి! తన బుద్ధి తనకే తెలిసి ఏడుపొచ్చింది. "నా నోరు వడిపోను!" అంటూ పళ్లాలు వదిలేసి పిల్ల చేయి ఒడిసి పట్టుకుంది. మిషన్లను కొంగుతో తుడిచి, ఒక్కొక్కటే చెవులకు పెట్టింది.

తర్వాత షెడ్డు గోడ వెనక్కి వెళ్లి నిలబడింది.

"బిడ్డా, నేను కనవడ్తలేను గదా. ఇనవడ్తున్ననా?"

గోడ అవతలినుంచి "ఊఁ" అని వినిపించింది.

"మంచిది. ఇగ నా మొఖం సూసుడు బంద్. మేడం దిక్కు సూడు. ఇప్పటిసంది నేను చిన్నపిల్లల కాడ ఉంట. క్లాసుకు పో."

వస్తుందేమోనని కాసేపు గోడకు ఆనుకుని నిలబడింది. రావద్దనీ అనుకుంది, రావాలనీ అనుకుంది. పిల్ల రాలేదు. చక్కగా వింది, చెప్పినట్టే వెళ్లిపోయింది.

మైకు మేడం చేతిలో పెట్టి, "ఆపుండ్రి మేడం దీన్ని, నాకు రాదు," అని మాత్రం అంది.

మధ్యాహ్నం పాఠం మొదలైంది. వరండాలో చిన్నపిల్లల ముక్కులు తుడుస్తున్న హన్మవ్వకు లోపలినుంచి నవ్వులు వినిపించాయి. అందరికంటే కొంచెం గట్టిగా సుష్మిత నవ్వు. కడుపులో మంట ఎక్కడికీ పోలేదు. ఎక్కడికి పోతుంది? తెలియకుండానే లేచి కిటికీలోంచి తొంగి చూసింది. సుష్మిత పక్కన, ఇన్నాళ్లూ తాను కూర్చున్న చోట, అప్పుడే సింధూజ చేరింది. సింధూజ కింద, బెంచీ చెక్క గుచ్చుకోకుండా హన్మవ్వ నాలుగు మడతలు పెట్టి వేసుకున్న పాత చీర ముక్క అలాగే ఉంది.