పెద్దాయన వెనకాల నట్లు

సాయంత్రం పెద్దాయన ఫ్యాక్టరీ నుంచి రాగానే ఆయన భార్య గుమ్మంలో స్టీలు గిన్నె పట్టుకుని నిలబడేది. చొక్కా జేబులో రెండు, ప్యాంటు మడతలో ఒకటి, బూటు లేసుల్లో ఇరుక్కున్నది ఒకటి. అలా ఆ రోజు ఆయన్ని అంటిపెట్టుకుని వచ్చేసిన నట్లన్నీ ఏరి గిన్నెలో వేసేది. "ఇవాళ నాలుగే. పర్లేదు, మీవాళ్ళు పని బాగానే చేస్తున్నారు," అనేది. మర్నాడు డ్రైవరు ఆ గిన్నెను ముందు సీట్లో పెట్టుకుని ఫ్యాక్టరీకి తిరిగి పట్టుకెళ్ళేవాడు.

రేకుల షెడ్డులో ఒకే ఒక్క లేత్ మిషనుతో మొదలుపెట్టి, నలభై ఏళ్ళలో దాన్ని క్రేన్లు తయారుచేసే కంపెనీగా పెంచాడాయన. ఎలా పెంచాడంటే, అందులో పెద్ద రహస్యమేం లేదు. వదులుగా ఉన్న నట్టు ఏదైనా సరే, ఆయన దగ్గరికొస్తే తనంతట తనే తిరిగి ఊడి, టింగుమని కిందపడి, ఆయన వెనకాలే దొర్లుకుంటూ వచ్చేది. రోజూ ఎనిమిదింటికి చేతులు వెనక్కి కట్టుకుని షెడ్డంతా ఒక చుట్టు చుట్టేవాడు. వెనక కోడిపిల్లల్లా నట్లు. ఏది ఎక్కణ్ణుంచి ఊడిందో చూసుకుని ఫిట్టర్లు మళ్ళీ బిగించేవాళ్ళు. అందుకే ఆ కంపెనీ క్రేను ఎక్కడా బరువు జారవిడిచిన పాపాన పోలేదు. అందుకే, నిజం చెప్పాలంటే, ఆ ఫిట్టర్లకు కాస్త బద్ధకం కూడా పట్టుకుంది. ఒకటికి రెండుసార్లు పానా పెట్టి చూసే అలవాటే పోయింది. పొద్దున్నే పెద్దాయన వస్తాడుగా!

అక్కడ ఇంకో పద్ధతి ఉండేది. క్రేను పరీక్షించేటప్పుడు దాన్ని కట్టినవాళ్ళు వేలాడే బరువు కింద నిలబడాలి. మొదటి క్రేను కింద పెద్దాయనే నిలబడ్డాడు. కొనడానికొచ్చినవాళ్ళు నోరెళ్ళబెట్టారు. అప్పట్నుంచీ అంతే.

ఆయన కూతురు ఇంజినీరింగు చదివి, ఐదేళ్ళు ఆ షెడ్డులోనే చేతులకు గ్రీజు పూసుకుని, ఈమధ్యే ఒక క్రేనును తనే గీసి, తనే దగ్గరుండి కట్టించింది. ఒకరోజు ఎర్రరంగు డబ్బా, కుంచె తెచ్చి తండ్రి బల్లమీద పెట్టింది.

"బిగించిన ప్రతి నట్టు మీదా ఒక గీత గీద్దాం నాన్నా, కింది ఇనుము మీదికి సాగేట్టు. నట్టు కదిలిందంటే గీత తెగుతుంది. ఎవరికైనా కనబడుతుంది."

"నేనుండగా రంగులెందుకే?"

"నువ్వు లేనప్పుడు?"

పెద్దాయన మొహం మాడిపోయింది. "అప్పుడే నన్ను సాగనంపేస్తున్నావా?" అని, మూత కూడా తియ్యకుండా ఆ డబ్బాను బీరువా మీద పెట్టించాడు.

వారం తిరక్కుండానే ఆయనకు గుండెనొప్పి వచ్చింది. మూడు వారాలు మంచం దిగొద్దన్నాడు డాక్టరు. కూతురి క్రేను అప్పగించాల్సిన తేదీ ముంచుకొచ్చింది. పరీక్ష ఆపొద్దని పట్టుబట్టింది పెద్దాయనే. ఆ రోజు నాలుగింటికి బరువు కింద నిలబడేది కూతురు.

"దాన్ని వద్దనొచ్చుగా మీరు," అంది భార్య, పొద్దున్నుంచీ నాలుగోసారి.

"నేను నిలబళ్ళేదా?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. లోపల మాత్రం భయంగానే ఉంది.

నాలుగు కొట్టడానికి కాస్త ముందు గేటు దగ్గర చిన్న చప్పుడైంది. తర్వాత మెట్ల మీద, ఒక్కో మెట్టుకూ ఒక్కో టింగు. భార్య తలుపు తీసింది. నిమ్మకాయంత నట్టు ఒకటి, ఒళ్ళంతా దుమ్ముతో, అంచులు అరిగిపోయి, గుమ్మం దాటి దొర్లుకుంటూ వచ్చి మంచం కోడుకు తగిలి ఆగింది. ఆయన రాకపోయేసరికి అదే బయల్దేరినట్టుంది.

"పాపం, ఇంత దూరం ఎలా వచ్చావే," అంటూ ఆవిడ దాన్ని తువ్వాలుతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది.

పెద్దాయన మరలు తడిమి చూశాడు. కూతురి క్రేను కొక్కేన్ని పట్టి ఉంచే రెండు నట్లలో ఒకటది. పరీక్ష జరిగేటప్పుడు షెడ్డులోకి ఎవరూ ఫోన్లు తేకూడదన్న రూలూ ఆయన పెట్టిందే. గేటుకు ఫోను చేశాడు. వాచ్‌మన్ ఎత్తాడు.

"బరువు లేపేశారండీ. నేను షెడ్డు దాకా పరిగెత్తేసరికి..."

"పరిగెత్తకు. సైరన్ కొట్టు. ఇంటికెళ్ళే సైరన్."

ఆ సైరన్ మోగితే చాలు, టైమెంతైందో కూడా చూడకుండా ఫ్యాక్టరీ అంతా గేటువైపు నడుస్తుంది. కూతురైతే చిన్నప్పుడు ఆ మోత వినగానే తండ్రికి ఎదురెళ్ళేది. ఇప్పుడూ ఆలోచించలేదు, కాళ్ళే కదిలాయి. పది అడుగులు వేసిందో లేదో, వెనక రెండు టన్నుల ఇనుము నేలమీద పడింది. ఆ చప్పుడు ఫోనులో పెద్దాయన చెవిన పడింది.

"అమ్మాయి?" అన్నాడు.

వాచ్‌మన్ షెడ్డు వైపు తొంగి చూశాడు. "అదిగో, వస్తున్నారండీ. మొహం పాలిపోయింది గానీ... నడిచే వస్తున్నారు."

పెద్దాయన ఆ నట్టును గుండెకు అదుముకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మంచం దిగిన రోజే ఫ్యాక్టరీకి వెళ్ళి, బీరువా మీది డబ్బా దింపించి, మూత తనే తీశాడు. ఫిట్టర్లు సిగ్గుపడుతూ పానాలు పట్టుకున్నారు. గీతలు పడే కొద్దీ ఆయన వెనక దొర్లేవి తగ్గిపోయాయి. రెండు వారాలకు షెడ్డంతా తిరిగినా ఒక్క టింగు లేదు. ఆగి వెనక్కి చూస్తే ఉత్త నేల. బాధేసింది, అబద్ధమెందుకు. ఇంట్లో భార్య కూడా గిన్నెను అటక మీద పెట్టేసింది.

మళ్ళీ పరీక్ష రోజు వచ్చింది. ఇనుప దిమ్మెలకు కొక్కెం తగిలించారు. కూతురు ముందుకు నడవబోతుంటే పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇది కట్టింది నేను నాన్నా."

"తెలుసు. ఇకమీదట ఎవరూ నిలబడక్కర్లేదు. ఇదే ఆఖరు, ఈ ఒక్కసారికీ నన్ను నిలబడనీ."

తలెత్తి కొక్కెం వంక చూశాడు. నట్టు ఉలకలేదు, పలకలేదు. దాని మీద కూతురు గీసిన ఎర్రగీత ఉంది, అంతే. కూతురే వెళ్ళి క్రేను మీట పట్టుకుంది. దిమ్మెలు తలకంటే ఎత్తుకు లేచాక, చేతులు వెనక్కి కట్టుకుని నెమ్మదిగా నడిచి వాటి కింద నిలబడ్డాడు.

"ఇంకాస్త లేపమ్మా," అన్నాడు.