గుండ్రని స్తంభం ముందు మూలమట్టం

నేను ఒక మూలమట్టాన్ని, మూల సరిగ్గా వచ్చిందో లేదో చూసే పనిముట్టును. వంకర అన్న మాట వింటేనే ఒళ్ళు మండే జాతి మాది. వడ్రంగి పెట్టెలో రంపం, ఉలి, బాడిస ఎవరి పని అవి చేసుకుపోతాయి. అవి చేసిన పనిలో తప్పు పట్టడమే నా పని, అందుకని నాకు స్నేహితులు తక్కువ.

నన్ను చేసింది సోమలింగాచారి. విరిగిపోయిన రంపపు బద్ద, చేవ తేలిన ఇరుగుడు కర్ర ముక్క, మూడు ఇత్తడి మేకులు. ఇంతే నా ఒళ్ళు. చేయడం అయ్యాక నన్ను ఒక పలక అంచుకు ఆనించి గీత గీశాడు. తర్వాత బోర్లా తిప్పి అదే చోట మళ్ళీ గీశాడు. రెండు గీతలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"మన ఇంట్లో మాట తప్పనిది ఇదొక్కటేనే" అన్నాడు మురిసిపోతూ.

"మీ సంగతి మీకు బాగానే తెలుసు" అంది ఆయన భార్య లోపల్నించి.

ఆయన పోయాక కొడుకు కనకాచారి చేతికొచ్చాను. మంచి పనివాడు, ముక్కు మీద కోపం. పొద్దున్నే నన్ను కళ్ళకద్దుకోనిదే పని మొదలుపెట్టడు. ద్వారబంధాలు, కిటికీలు, మంచాలు, పెళ్ళిపీటలు. పాతికేళ్ళు ఇద్దరం కలిసి ఊరందరి తప్పులూ పట్టాం. మనుషుల్లో ఒక వింత చూశాను. తలుపు వంకరైతే నా ముందు ఒప్పుకుంటారు. తాము వంకరైతే మాత్రం గోడదే తప్పంటారు.

ఒక జ్యేష్ఠమాసంలో చౌడమ్మ కబురు పెట్టింది. ఆమె మా వీధి చివర ఉండే నేతమనిషి. గుంటమగ్గం ఇంటి ముందు వసారాలోనే ఉంది. ఆ వసారా పెంకుల కప్పును మోసే మూల స్తంభాలు రెండూ మొదట్లో చెదలు పట్టి, వేలితో పొడిస్తే పిండిలా రాలుతున్నాయి. కనకాచారి వాటిని తీసేసి, కప్పును ఊతగుంజల మీద నిలబెట్టి, నాలుగు జానల చుట్టుకొలతున్న టేకు దుంగలు రెండు తెచ్చాడు. పలకలుగా చెక్కుతానంటే చౌడమ్మ ఒప్పుకోలేదు. మూలలుంటే నూలు తగులుకుని తెగుతుందట. గుండ్రంగానే ఉండనిమ్మంది.

మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. దాన్ని దించాలంటే పడుగు నూలంతా కోసెయ్యాలి. కోస్తే వేల పోగులు మళ్ళీ ఒక్కొక్కటే అతకాలి. ఈలోగా పడమట మబ్బు పట్టింది. గాలివాన కొడితే ఊతగుంజలు ఆగవు, కప్పు నేరుగా మగ్గం మీద కూలుతుంది. అందుకే చౌడమ్మ నిమిషానికోసారి ఆకాశం వంక చూస్తోంది.

కనకాచారి దుంగను రెండు కొయ్యల మీద పడుకోబెట్టి, దాని కొస తిన్నగా కోయడానికి చుట్టూ గీత గీయాలని నన్ను కళ్ళకద్దుకుని దాని మీద పెట్టాడు. పుట్టినప్పట్నించీ నేను చదునైన అంచులకే ఆని బతికాను. దీనికి అంచేది? నా బద్ద ఒక్క చోట తగిలి, మిగతాదంతా గాలిలో ఉండిపోయింది. ఆయన నన్ను కొంచెం కొంచెం జరుపుతూ గీస్తూ చుట్టూ వచ్చాడు. తిరిగొచ్చిన గీత మొదలైన చోటికి బొటనవేలంత ఎడంగా దిగింది.

అక్కడ ఆగాల్సింది. కానీ తండ్రి చేసిన మట్టం తప్పుతుందా? దుంగదే తప్పనుకున్నాడు. గీత రెండు కొసలనూ చేత్తో కలిపేసి, కోసేశాడు. రాతి దిమ్మ మీద నిలబెడితే దుంగ కల్లు తాగినవాడిలా ఒక పక్కకు వాలింది. పొడుగున్న వైపు చెక్కాడు. ఈసారి రెండో పక్కకు వాలింది. మళ్ళీ కోశాడు. కొలతకు మించి జానెడు ఉంచుకున్న కర్ర రెండు వేళ్ళకు వచ్చింది. ఇంకొక్క కోత, అంతే. అది కూడా తప్పితే స్తంభం కప్పుకు అందదు.

రంపం కింద పెట్టి కూలబడ్డాడు. "నాన్న మట్టం అబద్ధం చెప్పిందక్కా" అన్నాడు.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. చౌడమ్మ మగ్గం గుంటలోంచి లేచి వచ్చింది.

"ఆచారీ, నీ పని నీకు చెప్పేంతదాన్ని కాదు గానీ, నేసిన బట్ట మగ్గం ముందు దోనె కర్రకి చుట్టుకుంటుంది చూడు, అప్పుడు అంచు మీద అంచు పడితేనే తిన్నగా వస్తున్నట్టు. పక్కకి జరిగిందా, చుట్టు వంకరే. నాకు తెలిసింది అదొక్కటే."

"గుడ్డతో కర్ర కొలుస్తారటే అక్కా?"

"కొలవొద్దు. చుట్టు."

లోపల్నించి కొత్త కండువా తెచ్చింది. ఇంకా ఉతకలేదు, గంజి దిగలేదు. దాన్ని నిలువునా మడిచి, నేత అంచు బయటికుండేలా దుంగకు చుట్టింది. మొదటిసారి అంచు పక్కకు పోయింది. విప్పి, పసిపిల్లకు పొత్తిగుడ్డ చుట్టినంత నెమ్మదిగా అరచేత్తో సర్దుతూ మళ్ళీ చుట్టింది. రెండో చుట్టు అంచు మొదటి చుట్టు అంచు మీద పడింది. కనకాచారి చెవి వెనకున్న పెన్సిల్ తీసి ఆ అంచు వెంబడే గీస్తూ వెళ్ళాడు. గీత దుంగ కిందికి దిగి, అవతల పైకెక్కి, ఇటు వచ్చి తన మొదలును తానే కలుసుకుంది.

ఆ గుడ్డకు మూల లేదు, బిగువు లేదు, విదిలిస్తే గాలికి ఎగిరిపోతుంది. నేను ఒక్కో చోట ఒక్కో ముక్కగా చెప్పబోయి తడబడిన నిజాన్ని అది చుట్టూతా ఒకేసారి చెప్పేసింది. నా ఇత్తడి మేకుల మీద ఒట్టు, అంత గొప్ప విషయం నేను మళ్ళీ చూడలేదు.

కనకాచారి ఈసారి తొందరపడలేదు. గీత మీద కాస్త కోసి, దుంగను దొర్లించి, మళ్ళీ కాస్త కోశాడు. చుట్టూ గాడి పడ్డాకే లోపలికి దిగాడు. బిళ్ళ ఊడి పడింది. నన్ను తీసి కోసిన ముఖానికి ఆనించి వెలుతురుకు పట్టాడు. ఎటు తిప్పి చూసినా సందులోంచి వెలుతురు రాలేదు.

"నాన్న మట్టం మంచిదే అక్కా" అన్నాడు తల వంచుకుని. "దాని చేత కాని పని నేనే అడిగాను."

రెండో దుంగ ఒక్క కోతతో తెగింది. సాయంత్రానికి స్తంభాలు రెండూ దిమ్మల మీద కూర్చున్నాయి, ఊతగుంజలు తీసేశారు. మర్నాడు మధ్యాహ్నం గాలివాన విరుచుకుపడింది. కనకాచారి పరుగున వచ్చి స్తంభానికి భుజం ఆనించి నిలబడ్డాడు. పెంకుల మీద నీళ్ళు దబదబా కొడుతున్నాయి. స్తంభం కదల్లేదు. చౌడమ్మ గుంటలోకి దిగి, ఆపిన పోగు దగ్గరే నేత అందుకుంది. మగ్గం చప్పుడు వినబడగానే ఆయన కళ్ళు తుడుచుకోవడం, వసారాలోనే వదిలేసిన పెట్టెలోంచి నేను చూశాను.

కండువా తిరిగివ్వబోతే ఆమె తీసుకోలేదు. "నీ దగ్గరే ఉండనీ" అంది. అప్పట్నించి పొద్దున్నే నాతో పాటు దాన్నీ కళ్ళకద్దుకునేవాడు.

ఇప్పుడు ఆయన చెయ్యి వణుకుతోంది, పని మానేశాడు. కరెంటు రంపాల కాలంలో నన్ను అడిగేవాళ్ళెవరు? ఒకరోజు నన్నూ ఆ పాత కండువానూ తెచ్చి చౌడమ్మ వసారా స్తంభానికి మేకు కొట్టి తగిలించాడు. కింద ఆమె కోడలు నేస్తోంది. నేను ఆ గుండ్రని ఒంటికి ఒక్క చోట తగులుతూ వేలాడుతుంటాను. మిగతా చుట్టంతా గుడ్డకే వదిలేశాను.