పాడె మోసే ఎమ్మెల్యే

చావు కబురు అందితే చాలు, ఎమ్మెల్యే నర్సింగం వచ్చి పాడెకు భుజం పట్టేవాడు. రెండుసార్లు గెలిచింది ఆ భుజంతోనే అని సుల్తానాబాద్‌లో అంటారు. ఇప్పుడు ఎంపీకి నిలబడ్డాడు.

ప్రచారంలో ఉండగా, ఓ పల్లెలో దుబాయి నుంచి శవం వచ్చిందని తెలిసింది. కారు దిగి, జనాన్ని తోసుకుంటూ వెళ్లి పెట్టె కింద భుజం పెట్టాడు. చచ్చిందెవరో అడగాలని కూడా తోచలేదు. నాలుగడుగులు వేశాక, పక్కన నడుస్తున్న రామవ్వను గుర్తుపట్టాడు. కొడుకు శవం తెప్పించమని చలికాలమంతా అతని ఆఫీసు చుట్టూ తిరిగిన మనిషి.

"గిది ఢిల్లీల పని అవ్వా. నన్ను ఎంపీని చెయ్యి, తెప్పిస్త" అని అప్పుడు పంపేశాడు.

ఏదో చెప్పబోయాడు. రామవ్వ అతని వైపు చూడలేదు.

"నువ్వు ఎంపీ అయ్యేదాక మావోడు ఆగలే బిడ్డా. వాని దోస్తులే చందాలేసుకొని పంపిండ్రు" అంది.

కార్యకర్తలు ముందు నుంచి ఫొటోలు తీస్తున్నారు. మిగతా మూడు మూలల్లో ఊరివాళ్లు భుజం మార్చుకుంటున్నారు. అతని మూలకు మాత్రం ఎవరూ రాలేదు. వల్లకాడు ఇంకా కనుచూపు మేరలో లేదు.